నీళ్ళ నొప్పులే అనుకున్నాం

నేను ఆర్‌బీఎస్‌కే డాక్టర్‌ని. పూర్తి పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. ఆ పేరు మా బండి మీద తప్ప ఎవరి నోటా వినపడదు. పిల్లలకు మాది "సూదుల బండి". మేం సూదులు వేయం అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. టీమ్‌లో నలుగురం: నేను, ఇంకో డాక్టర్ సార్, ఫార్మసిస్టు, ఏఎన్ఎం. డాక్టర్లమిద్దరం ఆయుష్, అంటే ఆయుర్వేదం, హోమియో లాంటివి చదువుకున్నవాళ్ళం. 2013లో మొదలైన ఈ పథకం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లల్ని చూస్తాం. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒక్కసారి వెళ్తాం. మేం చేసేది పరీక్ష, అనుమానం వస్తే పైకి పంపడం. వైద్యం పైవాళ్ళది.

ఇది నేను తప్పు చేసిన కేసు. మా తర్వాత చేరిన డాక్టర్లు అదే తప్పు చేయకూడదని రాస్తున్నాను. పిల్లను, ఊరిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. జబ్బు వివరాలు మార్చలేదు.

మొదటిసారి

2022 సెప్టెంబర్. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. ఆ రోజు నూట ఎనభై మంది పిల్లలు. డాక్టర్లు ఇద్దరమే కాబట్టి ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు దాటవు. వరండాలో రెండు బెంచీలు వేశారు. పక్కనే మధ్యాహ్న భోజనం వంట. గిన్నెల చప్పుడు, పప్పు తాలింపు ఘాటు, వరుసలో తోసుకునే ఆరో తరగతి పిల్లలు. స్టెతస్కోప్ పెడితే పిల్లల గుండె కన్నా పక్క క్లాసులో చెబుతున్న ఎక్కమే గట్టిగా వినిపించేది.

ఏడో తరగతి అమ్మాయి, పన్నెండేళ్ళు. ఆ రోజు నా చేత్తో కార్డులో రాసింది ఇంతే: "గారపళ్ళు. కాళ్ళ నొప్పులు. పాలిపోయింది. హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ ఇవ్వాలి."

నల్లగొండలో పనిచేసేవాళ్ళకు ఈ వరుస చూడగానే కథ మొత్తం తెలిసిపోయినట్టు ఉంటుంది. పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలున్నాయంటే ఫ్లోరైడ్. కాళ్ళు నొప్పులన్నా ఫ్లోరైడే. నీళ్ళలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతిని పుస్తకాల్లో "నల్గొండ టెక్నిక్" అనే పిలుస్తారు. జిల్లా పేరే జబ్బుతో అంటుకుపోయింది. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణం. ఈ మండలాల బోర్ల నీళ్ళు దానికి ఎన్నో రెట్లు ఎక్కువున్న రోజులు పెద్దవాళ్ళకు బాగా గుర్తు. ఆ నీళ్ళు తాగి నడుము వంగిపోయినవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో కనపడతారు. అందుకే ఇక్కడ నొప్పి అని ఎవరన్నా అంటే ఎందుకని అడిగే అలవాటు పోయింది. "నీళ్ళ నొప్పి" అంటారు, అక్కడితో అయిపోతుంది.

నేనూ అక్కడితోనే ఆపేశాను. "కాళ్ళు గుంజుతున్నయి మేడం" అంది. ఎన్ని రోజుల నుంచి అంటే "శానా రోజులాయె" అంది. ఏ కీలు, వాచిందా, జ్వరం వచ్చిందా అని అడగలేదు. మోకాలు పట్టుకుని చూశాను, వాపు లేదు. గుండె మీద స్టెతస్కోప్ పెట్టాను, తీశాను. ఏం విన్నానో నాకు గుర్తు లేదు. కార్డులో ఏమీ రాయలేదు కాబట్టి ఏమీ వినలేదనే అనుకోవాలి.

ఐరన్ మాత్రల సంగతి కూడా చెప్పాలి. హైస్కూల్ పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర అప్పటికే బడిలో ఇస్తున్నారు. ఈ పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుని మానేసింది. పొద్దున ఏమీ తినకుండా ఏడున్నర బస్సుకు వస్తుంది, మాత్ర ప్రార్థన అయిన వెంటనే ఇచ్చేవాళ్ళు. భోజనం తర్వాత ఇవ్వండని హెడ్మాస్టర్ గారికి చెప్పాం, మార్చారు. ఆ రోజు మేం చేసిన మంచి పని అదొక్కటే.

ముసురు రోజు

మళ్ళీ ఆ బడికి వెళ్ళింది 2023 జూలైలో. వారమంతా ముసురు. వరండా తడిసి ముద్దయింది, పిల్లలు సగం మందే వచ్చారు. హెడ్మాస్టర్ గారు మమ్మల్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు. తలుపు వేస్తే ఒక్క చినుకు చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మా ఉద్యోగంలో అలాంటి గది దొరకడం అదృష్టం.

పిల్లలు ఒక్కొక్కరే వస్తుంటే ఖాళీగా ఉన్న టీచర్లు "మా బీపీ కూడా చూడండి డాక్టరమ్మా" అన్నారు. మా పథకం పిల్లలకే. టీచర్లను చూడమని ఎక్కడా రాసిలేదు. కానీ ఏఎన్ఎం దగ్గర మిషన్ ఉంది, పిల్లలు తక్కువున్నారు. ఎనిమిది మందికి చూశాం. సోషల్ సారుకు 178/104. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 174/102. "స్కూల్ టెన్షన్ మేడం, ఏం గాదు" అన్నారు. రాత్రిళ్ళు తల వెనకభాగం బరువుగా ఉంటోందని ఆయన పక్కనున్న తెలుగు మేడం చెప్పారు, ఆయన చెప్పలేదు. ఒక్కరోజు కొలతతో బీపీ అని ముద్ర వేయకూడదు, వేరే రోజుల్లో మళ్ళీ చూడాలి. కానీ ఇంత ఎక్కువుంటే ఆగడానికి లేదు. మరుసటి రోజే పీహెచ్‌సీకి వెళ్ళమన్నాను. ఈ సారు కథలో మళ్ళీ వస్తారు.

అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. వరుసలో నిలబడి ఉండగానే మా ఏఎన్ఎం నా చెవిలో "ఆ పిల్లను చూడు మేడం, మెట్లెక్కి వచ్చిందానికి ఎట్ల ఎగపోస్తుందో" అంది. స్టాఫ్ రూముకు ఉన్నవి అయిదే మెట్లు. కూర్చున్నాక కూడా నాడి నిమిషానికి 112. గుండె కొన దగ్గర స్టెతస్కోప్ పెట్టగానే వినపడింది. లబ్, డబ్ మధ్య ఖాళీ ఉండాల్సిన చోట ఆవిరి ఊదినట్టు ఒక శబ్దం. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి విన్నాను, చంక వైపు కూడా పాకుతోంది. తోటి డాక్టర్ సార్‌ని పిలిచాను. ఆయన విని ఏమీ అనకుండా స్టెతస్కోప్ తీసి బల్ల మీద పెట్టారు.

రక్తం బాగా తక్కువున్న పిల్లల్లో కూడా గుండె దగ్గర శబ్దం వస్తుంది. అది మెత్తగా, కొద్దిసేపే ఉంటుంది, గుండె పైభాగంలో వినపడుతుంది, చంకలోకి వెళ్ళదు. ఇది అలాంటిది కాదు. గుండె ఎడమ గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతున్న శబ్దం ఇది.

అప్పుడు పాత కార్డు తీసి చూశాను. "కాళ్ళ నొప్పులు" అన్న నా అక్షరాలే. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదని గొప్పగా చెప్పడం లేదు, తిన్నాను. కానీ రుచి తెలియలేదు.

నాయనమ్మ చెప్పింది

సాయంత్రం సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. అమ్మా నాన్నా హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయారు. నాయనమ్మ ఉంది. ఆమె చెప్పినంత స్పష్టంగా ఏ కేసు షీట్‌లోనూ రాసి చూడలేదు.

"పోయినేడు వానాకాలం గొంతు నొచ్చి జరమచ్చింది బిడ్డా. మూడు వారాలకేమో కుడి మోకాలు బుంగలెక్క వాచింది, ముట్టనియ్యలే, కాలిపోయేది. నాలుగొద్దులకు అది తగ్గి ఎడమ మడిమ వట్టింది. ఎన్క మణికట్టు. ఆర్‌ఎంపీ సూదేస్తే తెల్లారేసరికి లేచి నడిచింది. నీళ్ళ నొప్పే అవ్వా, భయం లేదన్నడు."

ఫ్లోరైడ్ నొప్పి ఇలా ఉండదు. ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది, మెడ, నడుము బిగుస్తాయి, జ్వరం రాదు, కీలు ఎర్రగా కాలదు, ఒక కీలు వదిలి ఇంకో కీలుకు దూకదు. అసలు ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బు, ఎక్కువగా పెద్దవాళ్ళలో బయటపడుతుంది. పిల్లల్లో కనపడితే కాళ్ళు వంకరపోవడంగా కనపడుతుంది. దూకే నొప్పి రుమాటిక్ జ్వరం లక్షణం. గొంతులో ఒక రకం స్ట్రెప్టోకాకస్ క్రిమి చేరి, తగ్గిన రెండు మూడు వారాలకు, శరీరం ఆ క్రిమి మీద తయారు చేసుకున్న సైన్యం పొరపాటున కీళ్ళ మీద, గుండె మీద పడుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకే ఎక్కువ. కీళ్ళ నొప్పి పూర్తిగా పోతుంది, మచ్చ కూడా మిగలదు. నొప్పి మందుకు చేత్తో తీసేసినట్టు తగ్గడం కూడా దీని గుణమే. అందుకే ఆర్‌ఎంపీ సూది గెలిచినట్టు అనిపించింది. గుండె వాల్వు మాత్రం అలా కోలుకోదు.

ఫీల్డులో ఎముకల ఫ్లోరోసిస్ అనుమానిస్తే చేయించే మూడు సులువైన పరీక్షలున్నాయి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు పక్కకు చాపి మడిచి తల వెనక పెట్టుకోవడం. ఆ పిల్ల మూడూ నవ్వుతూ చేసింది. 2022లో చేయించి ఉంటే ఒక నిమిషం పట్టేది. "ఇది ఫ్లోరైడ్ కాదు, మరి ఏంటి?" అన్న ప్రశ్న అప్పుడే వచ్చేది.

ఆమె పళ్ళు మాత్రం ఫ్లోరోసిసే. 2010లో పుట్టింది, పళ్ళు చిగుళ్ళలో తయారయ్యే ఏళ్ళలో ఇంట్లో బోరు నీళ్ళే. మిషన్ భగీరథ మొదలైంది 2016లో. అంటే ఒకే పిల్లలో రెండు జబ్బులు, ఒకటి నోరు తెరిస్తే కనపడుతుంది. కనపడేది చూసి కనపడనిదాన్ని దాని ఖాతాలోనే రాసేశాం. ఆర్‌ఎంపీ, నేను, బడి, అందరం.

కాగితం పట్టుకుని

రెఫరల్ స్లిప్ రాయడం రెండు నిమిషాల పని. తర్వాతది పదకొండు రోజులు పట్టింది. అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చింది, విషయం వినగానే మొదటి మాట "గుండె జబ్బంటే రేపు పెండ్లెట్ల మేడం?" నాకు కోపం రాలేదు. మా చిన్నమ్మ కూతురి సంబంధం ఒక చిన్న ఆస్తమా మాట మీద తప్పిపోయింది, ఆమె భయం నాకు తెలుసు. జబ్బు పేరు బడిలో తప్పనిసరి అయినవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పం అని మాట ఇచ్చాకే కదిలింది. హెడ్మాస్టర్, తెలుగు మేడం, సోషల్ సార్, ఈ ముగ్గురికే తెలిసింది. పీఈటీ సారుకు "పరుగు పెట్టించొద్దు, డాక్టర్ చెప్పారు" అని మాత్రమే అన్నాం. ఆయన ఏడాదిగా ఆ పిల్లను "బద్ధకం" అని తిడుతున్నారు. విన్నాక ఏమీ మాట్లాడలేదు గానీ మరుసటి రోజు నుంచి ఖో ఖో స్కోరు రాసే పని ఆమెకిచ్చారు.

జిల్లా కేంద్రంలో ఒకరోజు పోయింది, పిల్లల డాక్టర్ విని హైదరాబాద్ పంపారు. హైదరాబాద్‌లో ఎకో (గుండె స్కాన్) తీశారు. మైట్రల్ వాల్వు మందమైంది, లీకు మధ్యస్థంగా ఉంది. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు. ఎప్పుడైనా అవసరమైతే ఆరోగ్యశ్రీ ఉంది. ఆ ఏడాది డిసెంబర్‌లో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది, అమ్మకు చెప్తే కాస్త ఊపిరి పీల్చుకుంది. కానీ అసలు వైద్యం ఆపరేషన్ కాదు, సూది.

బెంజతిన్ పెనిసిలిన్, 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి పిరుదు కండలో. 27 కిలోలు దాటిన పిల్లలకు ఆ డోసు. వాల్వు కొద్దిగా దెబ్బతిన్న పిల్లలకు కనీసం పదేళ్ళు లేదా 25 ఏళ్ళు వచ్చేదాకా, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. అంతకు మించి పాడైతే 40 ఏళ్ళదాకా లేదా జీవితాంతం. ఈ సూది వాల్వును బాగుచేయదు. మళ్ళీ గొంతు జబ్బు, మళ్ళీ జ్వరం రాకుండా కాపలా కాస్తుంది, ఎందుకంటే ప్రతి కొత్త దాడికీ వాల్వు ఇంకొంచెం పాడవుతుంది. ఏడాదికి పదిహేడు సూదులు. చాలా నొప్పి సూది అది. మందు పాలలా చిక్కగా ఉంటుంది, కలిపాక ఆలస్యం చేస్తే సూదిలో గడ్డకట్టి అడ్డుపడుతుంది, మళ్ళీ పొడవాల్సి వస్తుంది.

మొదటి రెండు డోసులు పెద్దాసుపత్రిలోనే వేయించాం. మూడోది ఊరికి దగ్గరున్న పీహెచ్‌సీలో వేయించాలి. సిస్టర్ చేతులెత్తేసింది. "రియాక్షన్ అయితే మా మీదికొస్తది మేడం, నల్లగొండకే తీస్కపోండి." ఆమెను తప్పు పట్టలేను. పెనిసిలిన్‌కు ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ చాలా అరుదు, కానీ ఒక్కసారి జరిగితే ఊరంతా ఎవరి పేరు చెప్పుకుంటుందో ఆమెకు తెలుసు. కానీ ప్రతి 21 రోజులకూ నల్లగొండ పోవడమంటే తల్లికి ఒక రోజు కూలి, రాను పోను బస్సులు. మూడోసారికే మానేస్తారు. మెడికల్ ఆఫీసర్‌తో కూర్చుని కార్డియాలజిస్ట్ ఉత్తరం చూపించి, రియాక్షన్ వస్తే వేసే అడ్రినలిన్ మందు బల్ల మీద పెట్టుకుని, సూది వేశాక అరగంట కూర్చోబెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. మొదటిసారి నేనే పక్కన నిలబడ్డాను. సిస్టర్ చేతులు కాస్త వణికాయి. పిల్ల పళ్ళు బిగపట్టింది, ఏడవలేదు. నాలుగోసారికి సిస్టరే ఫోన్ చేసి "వస్తున్నరా" అని అడగడం మొదలుపెట్టింది.

సోషల్ సార్ కార్డు

సోషల్ సార్ మరుసటి రోజు పీహెచ్‌సీకి వెళ్ళలేదు, నేను అనుకున్నట్టే. రెండు వారాల తర్వాత తెలుగు మేడం గొడవ పెడితే వెళ్ళారు. మూడు వేర్వేరు రోజుల్లో చూస్తే మూడుసార్లూ ఎక్కువే. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు. నెల మాత్రల కోసం ఆయన పోవాల్సింది కూడా అదే పీహెచ్‌సీ.

ఎవరి ఆలోచనో గానీ, ఆయన తన మాత్రల రోజును పిల్ల సూది రోజుకు కలుపుకున్నారు. 21 రోజులకోసారి బడి అయ్యాక నాయనమ్మ, మనవరాలు, సారు ఒకే ఆటోలో. ఆయన బీపీ చూపించుకుంటారు, ఆమె సూది వేయించుకుంటుంది. "నేను తప్పితే అది తప్పుతది, అది తప్పితే నేను తప్పుత" అని నవ్వేవారు. స్టాఫ్ రూము క్యాలెండర్‌లో ఆ తేదీల మీద తెలుగు మేడం ఆకుపచ్చ ఇంకుతో చుక్క పెట్టేది. చుక్క దేనికో మిగతా టీచర్లకు తెలియదు, సార్ బీపీకేమో అనుకున్నారు. అలా ఆ పిల్ల రహస్యం సార్ రహస్యం వెనక దాక్కుంది.

నేను రెఫరల్ స్లిప్పులు రాసీ రాసీ విసిగిపోయిన మనిషిని. ఎన్ని స్లిప్పులు సంచుల్లో నలిగిపోయాయో లెక్క లేదు. ఈ ఒక్క స్లిప్పు చివరిదాకా నడిచిందంటే అది నా తెలివి కాదు. అదే దారిలో తన పని కూడా ఉన్న ఒక పెద్దమనిషి దొరికాడు, అంతే. అప్పటినుంచి నేను ఏ బడికి వెళ్ళినా ముందు టీచర్ల బీపీ చూస్తున్నాను. రిపోర్టులో ఆ కాలమ్ లేదు, పై అధికారి ఒకసారి "ఇది మన పని కాదు కదా" అన్నారు కూడా. చేతికి పట్టీ కట్టించుకున్న టీచరు ఆ రోజు తన క్లాసు పిల్లల్ని తనే వరుసలో నిలబెడుతుంది. ఎవరు ఆటల్లో వెనకబడుతున్నారో, ఎవరు నల్లబల్ల కనపడక పక్కవాడి పుస్తకంలోకి చూస్తున్నారో తనే చెబుతుంది. నాలుగు నిమిషాల్లో నాకు దొరకనిది అదే.

మొదటి ఏడాది పదిహేడు సూదుల్లో పదిహేను సమయానికి పడ్డాయి. ఒకటి సంక్రాంతికి, అమ్మానాన్నల దగ్గరికి హైదరాబాద్ పోయినప్పుడు తొమ్మిది రోజులు ఆలస్యం. ఇంకొకటి వేసవి సెలవుల్లో ఇరవై రోజులు. బడి లేదు, క్యాలెండర్ లేదు, సారు ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. అది మా ప్లానులో పెద్ద బొక్క. బడి మీద ఆధారపడిన ఏ వైద్యమైనా ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా గాల్లో ఉంటుంది. ఇప్పుడు ఎండాకాలం తేదీలు ఊరి ఆశ కార్యకర్త దగ్గర రాసి ఉంటున్నాయి. హైదరాబాద్ పోతే అక్కడి బస్తీ దవాఖానాలో చూపించుకునేలా కార్డియాలజిస్ట్ ఉత్తరం జిరాక్స్ పిల్ల బడి సంచిలోనే ఉంటుంది.

నా పద్ధతిలో మారినవి కొన్ని. కాళ్ళ నొప్పి అన్న ప్రతి పిల్లనూ ఏ కీలు, వాచిందా, వేరే కీలుకు దూకిందా, అంతకు ముందు గొంతు నొచ్చిందా అని అడుగుతాను. గారపళ్ళు కనపడితే ఇంకా ఎక్కువ అడుగుతాను, ఎందుకంటే అక్కడే నేను మోసపోయాను. హెడ్మాస్టర్లను తలుపున్న గది అడుగుతాను. దొరకకపోతే గుండె పరీక్ష వంట అయ్యాక పెట్టుకుంటాను. జ్వరంతో పాటు గొంతు నొప్పి, మింగలేకపోవడం ఉన్న పిల్లను ఇంటికి కాదు, పీహెచ్‌సీకి పంపండని టీచర్లకు చెబుతాను. అది స్ట్రెప్టోకాకస్ గొంతు జబ్బే అయితే, ఆ దశలోనే సరైన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు పడితే ఈ జ్వరం వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది.

2024 జూలైలో రెండో ఎకో తీశారు. లీకు అంతే ఉంది, పెరగలేదు. హిమోగ్లోబిన్ 11.3. మెట్లెక్కితే ఎగపోయడం తగ్గింది. తొమ్మిదో తరగతికి వచ్చింది, స్కోరు రాయడం ఇంకా తనదే.

ఆ రోజు రిపోర్టు చూసి నేను సంతోషంగా అంతా వివరించి, ఏమన్నా అడగాలా అన్నాను. నాయనమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా పళ్ళు తెల్లగయితయా మేడం?"

రెండేళ్ళలో మేం ఎవరమూ ఆమెను ఆ మాట అడగలేదు. పళ్ళ డాక్టర్‌కు స్లిప్ రాసిచ్చాను. తేదీ సూది వారంలోనే పడింది.